వృత్తాన్ని విభజించే విద్య: తరిమెన అలంకరణలో ఇంటి తయారీ విభజన ఫలకం

వ్యాససంగ్రహం:
తరిమెనపై కొయ్యను గుండ్రంగా తీర్చడం ఒక విద్య. ఆ గుండ్రని కొయ్యను ఆపి, సమాన భాగాలుగా విభజించి, గాడులో రేకులో తీర్చడం మరొక విద్య. తెలుగు ప్రాంతాల కొయ్యపని చరిత్ర మొదటిదానిని గుర్తించినంతగా రెండవదానిని గుర్తించలేదు. బండిచక్రం, శిల్పశాస్త్రాల స్తంభభేదాలు, ఏటికొప్పాక లక్కపని, లండన్‌లో తయారైన అలంకరణ తరిమెనలు ఆధారంగా విభజన పద్ధతుల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పసుపు వ్యాపార పట్టణమైన ఆర్మూరు వంటి చోట చిన్న కార్ఖానాల్లో సాధ్యమయ్యే ఇంటి తయారీ విభజన ఫలకానికి ఆ చరిత్రలో ఉన్న స్థానాన్ని నిర్ధారిస్తుంది.

కీలక పదాలు: తరిమెన, విభజన ఫలకం, వడ్ల వృత్తి, స్తంభభేదాలు, ఏటికొప్పాక, ఆర్మూరు.

1. ఉపోద్ఘాతం:
నిజామాబాద్ జిల్లాలోని ఆర్మూరు 44వ, 63వ జాతీయ రహదారులు కలిసే చోట ఉన్న పట్టణం. చుట్టుపక్కల మండలాల్లో పసుపు ప్రధానమైన వాణిజ్య పంట. అదే రహదారిపై ఉత్తరంగా గోదావరి దాటి వెళితే నిర్మల్ వస్తుంది. పొణికి కొయ్యతో చేసే బొమ్మలకు, వర్ణచిత్రాలకు అది ప్రసిద్ధి. ఈ ప్రాంతపు కొయ్యపనిని గురించిన రచనలు సహజంగానే నిర్మల్ వైపు మొగ్గుతాయి. అయితే నిర్మల్ బొమ్మ ప్రధానంగా చెక్కి, అతికి, రంగులు వేసి చేసేది. తరిమెన పని చరిత్రను వెదకవలసింది మంచం కోళ్ళు, ఊయల స్తంభాలు, కవ్వాలు, పప్పుగుత్తులు, బండిచక్రాల నాభులు చేసిన వడ్ల వృత్తిలో.

తరిమెన అన్నది లేత్ యంత్రానికి తెలుగులో ఉన్న పాత మాట. కొయ్యను దానిపై తిప్పి నునుపు చేయడాన్ని తరిమెనపట్టడం అంటారు. బ్రౌన్ నిఘంటువు ఈ మాటను నమోదు చేసింది. తిరుగుతున్న కొయ్యను కోరిన కోణం వద్ద ఆపి, కదలకుండా నిలిపే పనిని నేటి కార్ఖానాల్లో ఇండెక్సింగ్ అంటున్నారు. అందుకు వాడే రంధ్రాల బిళ్ళను ఈ వ్యాసంలో విభజన ఫలకం అని వ్యవహరిస్తాను.

2. తిరిగే అలంకరణ, ఆగే అలంకరణ:
తరిమెనపై రెండు రకాల అలంకరణలు సాధ్యం. కొయ్య తిరుగుతుండగా ఉలిని ఆనిస్తే వలయాలు, పూసలు, మెడలు ఏర్పడతాయి. ఇది తిరిగే అలంకరణ. కొయ్యను ఆపి దాని చుట్టూ సమదూరంలో నిలువు గాడులు, రేకులు, పలకలు చెక్కితే అది ఆగే అలంకరణ. మొదటిదానికి చేతివాటం చాలు. రెండవదానికి చేతివాటంతో పాటు లెక్క కావాలి.

తిరిగే అలంకరణకు తెలుగునేలపై ఉన్న గొప్ప ఉదాహరణ ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ గ్రామంలో అంకుడు కర్రను తరిమెనపట్టి, తిరుగుతున్న కొయ్యకు రంగు లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యకు అంటుకుంటుంది. మొగలి ఆకుతో అదిమితే అది సమంగా పరచుకొని నిగనిగలాడుతుంది. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన కృషికి ఈ గ్రామానికి చెందిన సి.వి. రాజు 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ సహజ రంగుల్లో పసుపుపచ్చకు ఆధారం పసుపుకొమ్మే.

ఏటికొప్పాక బొమ్మలపై రంగులు ప్రధానంగా అడ్డపట్టెలుగా ఎందుకు కనిపిస్తాయన్న ప్రశ్నకు జవాబు ఈ ప్రక్రియలోనే ఉంది. లక్క కరగాలంటే కొయ్య ఆగకుండా తిరగాలి. ఆగితే రాపిడి లేదు, రాపిడి లేకుంటే వేడి లేదు. అందువల్ల లక్కపనికి విభజన ఫలకంతో అవసరం రాలేదు. ఒక వృత్తిలో ఒక పరికరం లేకపోవడాన్ని వెనుకబాటుగా చదవకూడదు. ఆ వృత్తి ఎంచుకున్న సౌందర్యానికి ఆ పరికరం అక్కరలేకపోయి ఉండవచ్చు.

3. బండిచక్రం: విభజనకు పల్లెలోని పరీక్ష:
విభజన అవసరం పల్లెలో కచ్చితంగా ఎదురైన చోటు బండిచక్రం. నాభిని బాడిసతోనో తరిమెనపైనో గుండ్రంగా చేసిన తరువాత చుట్టూ ఆకులు దిగడానికి తొలులు కొట్టాలి. పన్నెండు ఆకుల చక్రమైతే నాభి చుట్టుకొలతను పన్నెండు సమభాగాలు చేయాలి. ఒక తొలి పక్కకు జరిగితే దానిలో దిగిన ఆకు చక్రం అంచు దగ్గర అంతకు కొన్ని రెట్లు పక్కకు జరుగుతుంది. బరువు సమంగా పంచుకోని చక్రం బస్తాలతో నిండిన బండి కింద ఎక్కువకాలం నిలవదు. మంచం కోడుపై గాడి తప్పితే చూపుకు లోపం. నాభిపై తొలి తప్పితే రైతుకు నష్టం.

పన్నెండు భాగాలకు వడ్లవారి చేతిలో ఉన్న సాధనం కర్కాటకం. వృత్తం గీసిన వ్యాసార్ధంతోనే చుట్టూ అడుగులు వేస్తే ఆరు భాగాలు వస్తాయి. ఒక్కొక్కదానిని సగం చేస్తే పన్నెండు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పన్నెండో వంతుకు కర్కాటకాన్ని అంచనాగా తెరిచి వరుసగా అడుగులు వేస్తే ప్రతి అడుగులోని తప్పు తరువాతి అడుగుకు చేరుతుంది. అడుగుకు అర మిల్లీమీటరు తేడా ఉంటే పన్నెండో అడుగుకు అది 6 మిల్లీమీటర్లు అవుతుంది. ముందు ఆరు చేసి తరువాత సగాలు చేస్తే తప్పు అలా పోగుపడదు. పద్ధతి ఎంపికలోనే పనివాని గణితజ్ఞానం ఉంది.

4. శాస్త్రంలో స్తంభభేదాలు:
పల్లె వడ్రంగి చేతిలో కనిపించే ఈ సగాల లెక్క సంస్కృత శిల్పగ్రంథాల్లో పేర్లు పొందింది. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహిత నాలుగు పలకల స్తంభాన్ని రుచకమనీ, ఎనిమిది పలకలదానిని వజ్రమనీ, పదహారు పలకలదానిని ద్వివజ్రమనీ, ముప్పైరెండు పలకలదానిని ప్రలీనకమనీ, గుండ్రనిదానిని వృత్తమనీ చెబుతుంది. 4, 8, 16, 32 అన్నవి మూలలు తెగనరుకుతూ పోతే వచ్చే సంఖ్యలు. వీటికి కొలబద్ద అవసరం లేదు. నాభి చుట్టూ చుట్టిన దారాన్ని మళ్ళీ మళ్ళీ మడిచినా ఇవే వస్తాయి. ఈ శ్రేణిలో వృత్తం చివరి మెట్టు. పలకలు పెంచుకుంటూ పోతే స్తంభం వృత్తంలో లీనమవుతుంది.

మానసారం ఈ వరుసకు బయట ఉన్న సంఖ్యలనూ చేర్చింది. నాలుగు పలకల బ్రహ్మకాంతం, ఎనిమిది పలకల విష్ణుకాంతంతో పాటు అయిదు పలకల శివకాంతం, ఆరు పలకల స్కందకాంతం అందులో ఉన్నాయి. ఆరును కర్కాటకం ఇస్తుంది. అయిదును సగాలూ ఇవ్వవు, వ్యాసార్ధమూ ఇవ్వదు. దానికి ప్రత్యేకమైన జ్యామితీయ రచన కావాలి. పనివాని దృష్టిలో సంఖ్యలు మూడు కుటుంబాలన్నమాట: మడతతో వచ్చేవి, కర్కాటకంతో వచ్చేవి, ఈ రెండింటికీ లొంగనివి.

1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభాల గుడిలోనూ, 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడిలోనూ స్తంభాలపై తరిమెనపట్టినట్టు కనిపించే వలయాలు ఉన్నాయి. వాటిని యంత్రంపై తిప్పి తీర్చారా, చేతితోనే చెక్కారా అన్న చర్చ పండితుల్లో ఉంది. ఆ చర్చ అంతా తిరగడం గురించే. అదే స్తంభంలో గుండ్రని వలయాల నడుమ చతురస్ర ఖండాలు వస్తాయి. గుండ్రని భాగానికీ పలకల భాగానికీ అక్షం ఒక్కటే అయి ఉండాలంటే వృత్తవిభజన తప్పనిసరి. ఆ స్తంభాలు ఎలా తిరిగాయన్నదానితో పాటు వాటి చుట్టుకొలతను ఎలా పంచారన్నదీ అడగవలసిన ప్రశ్నే.

5. ధనవంతుల ఫలకం:
ఐరోపాలో ఈ పంపకం పనిని యంత్రంలోనే ఇమిడ్చారు. షార్ల్ ప్లూమియే 1701లో లియోన్‌లో ప్రచురించిన గ్రంథం తరిమెన విద్యపై తొలి సమగ్ర రచనగా పేరుపొందింది. 18వ శతాబ్ది చివర లండన్‌లో స్థిరపడిన హోల్ట్‌జాఫెల్ సంస్థ అలంకరణ తరిమెనలకు ప్రమాణంగా నిలిచింది. వాటి కప్పీ ముఖంపై ఇత్తడి ఫలకం ఉంటుంది. దానిపై వలయాలుగా 96, 112, 120, 144, 192 వంటి సంఖ్యల్లో రంధ్రాలు ఉంటాయి. ఒక స్ప్రింగు సూది ఏదో ఒక రంధ్రంలో దిగి కొయ్యను కదలకుండా పట్టుకుంటుంది. అప్పుడు కొయ్య కాక కత్తి తిరుగుతూ గాడి చెక్కుతుంది.

ఆ సంఖ్యలు యాదృచ్ఛికం కావు. 96, 192 మడత, కర్కాటక కుటుంబాలకు చెందినవి. 120 అయిదు భాగాలనిస్తుంది. 112 ఏడు భాగాలనిస్తుంది. 144 తొమ్మిది భాగాలనిస్తుంది. పూర్వం ప్రత్యేక రచన కోరిన అయిదు, ఏడు ఇక్కడ నాలుగు, ఎనిమిదితో సమానమయ్యాయి. పనివాడు ఇక గీయనక్కరలేదు, రంధ్రాలు లెక్కపెడితే చాలు. విభజన ఫలకం సాధించిన మార్పు ఇదే: అది జ్యామితిని లెక్కింపుగా మార్చింది. అయితే ఆ ఫలకాన్ని తయారుచేయడానికే అత్యంత కచ్చితమైన మరో విభజన యంత్రం కావాలి. అందుకే అది చాలాకాలం సంపన్నుల వినోదానికే పరిమితమైంది.

6. ఇంటి ఫలకం:
సామూహిక ఉత్పత్తి ఈ పరిమితిని తొలగించింది. కర్మాగారంలో తయారైన ప్రతి పళ్ళచక్రమూ నిజానికి ఒక విభజన ఫలకమే. 48 పళ్ళ సైకిల్ చక్రాన్ని తరిమెన కడ్డీ వెనుక కొసకు బిగించి, పంటి సందులో దిగే ఇనుప నాలుకను చట్రానికి అమర్చితే 2, 3, 4, 6, 8, 12, 16, 24 భాగాలు లభిస్తాయి. 18 పళ్ళ ఫ్రీవీల్ తొమ్మిది భాగాలనిస్తుంది. 60 పళ్ళ రంపపు బిళ్ళ అయిదు, పది, పదిహేను భాగాలను కూడా ఇస్తుంది. ప్రపంచమంతటా చిన్న కార్ఖానాల పనివారు వాడే ఉపాయం ఇది. తయారీలో ఇది ఇంటిదే. కచ్చితత్వం మాత్రం సైకిల్ కర్మాగారం నుండి అరువు తెచ్చుకున్నది.

పళ్ళచక్రం దొరకనిచోట చెక్కబిళ్ళపై కాగితపు పట్టీతో రంధ్రాలు గుర్తించుకోవచ్చు. పట్టీని బిళ్ళ చుట్టూ చుట్టి, కొస కలిసిన చోట కోసి, సమాంతర రేఖలపై ఏటవాలుగా పరిస్తే ఏడు భాగాలైనా పదకొండు భాగాలైనా సమంగా వస్తాయి. బిళ్ళ ఎంత పెద్దదైతే తప్పు అంత తగ్గుతుంది. 300 మిల్లీమీటర్ల వ్యాసమున్న బిళ్ళ అంచున అర మిల్లీమీటరు తేడా 60 మిల్లీమీటర్ల కోడుపైకి వచ్చేసరికి 0.1 మిల్లీమీటరే. నాభిపై చిన్నదిగా మొదలైన తప్పు చక్రం అంచున పెద్దదవుతుంది. ఫలకంలో అదే సూత్రం తిరగబడి పనివానికి మేలు చేస్తుంది. పాటించవలసిన జాగ్రత్త ఒక్కటే: నాలుక దిగి ఉండగా మోటారును నడపరాదు. నడిపితే నాలుక వంగుతుంది, లేదా ఫలకం చీలుతుంది.

ఇటువంటి పరికరానికి ఆర్మూరు వంటి పట్టణం అనుకూలమైన నేల. పసుపు పంట కొమ్ము తవ్వడంతో ముగిసేది కాదు. ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, తిరిగే డ్రమ్ములో వేసి రాపిడితో పైపొట్టు తీయాలి. ఏటికొప్పాకలో లక్కను అంటించే రాపిడే ఇక్కడ పొట్టును వదిలిస్తుంది. ఉడికించే పాత్రలకు, డ్రమ్ములకు, ట్రాక్టర్లకు, సైకిళ్ళకు మరమ్మతు చేసే దుకాణాలు ఉన్నచోట ఇరుసులు, బేరింగులు, పళ్ళచక్రాలు, వెల్డింగు అందుబాటులో ఉంటాయి. విభజన ఫలకానికి కావలసినవీ అవే. వ్యవసాయ యంత్రాల పాతసామానూ కొయ్యపనీ ఒకే వీధిలో కలిసే ఇటువంటి పట్టణాలు వృత్తిచరిత్రలో బొమ్మల గ్రామాలతో సమానంగా పరిశీలింపదగినవి.

7. నమోదులో లోపించినది:
మన నమోదు వ్యవస్థలు వస్తువును చూస్తాయి, దాన్ని చేసిన ఉపాయాన్ని చూడవు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు లభించిన భౌగోళిక సూచిక వస్తువుకు, ప్రాంతానికి రక్షణ ఇస్తుంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం వడ్రంగం సహా 18 వృత్తులవారికి పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సహాయం అందిస్తుంది. రెండూ ఉపయోగకరమైనవే. అయితే పనిముట్ల సహాయం కొనే పరికరాన్ని గుర్తిస్తుంది. పనివాడు తానే కూర్చుకున్న పరికరానికి అందులో పేరు లేదు. దానికి ధర లేదు, రశీదు లేదు. యజమాని పని మానుకున్ననాడు అది పాతఇనుము తూకంలో కలిసిపోతుంది. కంప్యూటరు నడిపే చెక్కుడు యంత్రాలు గాడుల కోళ్ళను తయారుగా అందిస్తున్న ఈ రోజుల్లో ఆ నష్టం వేగంగా జరుగుతుంది.

ఈ పరికరాలను నమోదు చేయడం కష్టమైన పని కాదు. ఫలకం వ్యాసం, రంధ్రాల లేదా పళ్ళ సంఖ్య, ఆ భాగం మొదట ఏ యంత్రానికి చెందినది, నాలుకను ఎలా బిగించారు, దానిపై ఏయే వస్తువులు చేశారు అన్న అయిదు వివరాలు, ఒక ఛాయాచిత్రం చాలు. రంధ్రాల సంఖ్యను బట్టి ఆ కార్ఖానాలో ఏయే అలంకరణలు సాధ్యమయ్యాయో చెప్పవచ్చు. 48 పళ్ళ చక్రం మాత్రమే ఉన్నచోట అయిదు రేకుల కోడు కనిపిస్తే దానిని మరో పద్ధతిలో విభజించారని గ్రహించవచ్చు. పరికరం ఈ విధంగా వస్తువుకు సాక్ష్యమవుతుంది. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం వంటి సమీప విద్యాసంస్థల పరిశోధకులకు ఇది చేతికందే క్షేత్రం.

8. ముగింపు:
• తరిమెన అలంకరణలో తిరగడం, ఆగడం అనే రెండు భిన్నమైన తర్కాలు ఉన్నాయి. ఏటికొప్పాక మొదటిదానికి పరిణత రూపం.
• విభజన అవసరం పల్లెలో అలంకరణ కోసమే పుట్టలేదు. బండిచక్రం దానికి బలమైన ప్రయోజనాన్ని కల్పించింది.
• బృహత్సంహిత, మానసారం చెప్పిన స్తంభభేదాలను విభజన పద్ధతుల దృష్టితో చదివితే శిల్పి ఎదుర్కొన్న గణిత సమస్య స్పష్టమవుతుంది.
• విభజన ఫలకం జ్యామితిని లెక్కింపుగా మార్చింది. ఇంటి తయారీ ఫలకం కర్మాగారపు కచ్చితత్వాన్ని సామాన్య పనివాని చేతికి తెచ్చింది.
• వస్తువుతో పాటు దానిని చేసిన ఇంటి పరికరాన్నీ నమోదు చేసినప్పుడే వడ్ల వృత్తి చరిత్ర పూర్తవుతుంది. ఆ పరికరాలు పాతసామాను దుకాణం చేరకముందే ఆ పని జరగాలి.