చావింటికి పలకరింపు

కడప జిల్లా పల్లెల్లో మనిషి పోయిన ఇంట్లో ఆ పూట పొయ్యి ముట్టించరు. చుట్టాలో ఇరుగుపొరుగో అన్నం తెచ్చి బలవంతంగా నాలుగు ముద్దలు తినిపిస్తారు. పెద్దదినం దాకా పలకరించేకి జనం వస్తూనే ఉంటారు. వచ్చిన ప్రతి మనిషీ "ఎట్లయింది?" అని అడుగుతారు. ఇంటివాళ్లు ఆఖరి రోజు సంగతంతా మొదటి నుంచి చెప్పుకొస్తారు. వినేవాళ్లకు అది ముందే తెలుసు, అయినా అడుగుతారు. చెప్పగా చెప్పగా ఇంటివాళ్ల గొంతు కాస్త నిలబడుతుంది. లేచేటప్పుడు మాత్రం ఎవరూ "పోయొస్తాం" అనరు.

ప్రొద్దుటూరు ముస్లిం ఇళ్లలో మూడో రోజు జియారత్, తర్వాత నలభయ్యో రోజు. జమ్మలమడుగు క్రైస్తవుల ఇళ్లలో ఆదరణ కూడిక. మతమేదైనా, దుఃఖంలో ఉన్న మనిషిని ఒంటరిగా వదలకూడదన్న పట్టుదల ఒక్కటే.

ఈ నేలకు ఇది కొత్త కాదు. రాయలసీమ ఊళ్ల పొలిమేరల్లో నేటికీ వీరగల్లులు, అంటే పోరాడి చచ్చిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు, కనిపిస్తాయి. చాలా రాళ్ల మీద బొమ్మలు అంతస్తులుగా ఉంటాయి: కింద పోరాటం, దాని పైన వీరుణ్ని తీసుకుపోతున్న అప్సరసలు, అన్నిటికీ పైన శివలింగం ముందు చేతులు జోడించిన అదే మనిషి. ఊరి పశువుల కోసం కొట్లాడి చచ్చినవాళ్లకు కూడా ఇలాంటి రాళ్లు నిలిపారు. ఒక ఇంటి చావును ఊరంతా తమదిగా ఒప్పుకున్నదనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి?

2009 సెప్టెంబరు 2న ఈ పలకరింపు ఆచారానికి పెద్ద పరీక్ష వచ్చింది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన హెలికాప్టర్ నల్లమల అడవిలో పావురాలగుట్ట దగ్గర కూలింది. ఆయనతో సహా అయిదుగురు చనిపోయారు. ఆ సంగతి తెలిసింది మర్నాటి ఉదయమే. ఆయన పుట్టింది జమ్మలమడుగులో, చదువు ముగిశాక కొన్నాళ్లు డాక్టరుగా పనిచేసింది అక్కడి క్యాంబెల్ మిషన్ ఆసుపత్రిలోనే. తర్వాత పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరిట ఆసుపత్రి పెట్టారు. సెప్టెంబరు 4న ఇడుపులపాయలో ఆయన్ను ఖననం చేశారు.

ఆ వార్త విని గుండె ఆగి పోయినవాళ్లు, ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారని రాష్ట్రమంతటి నుంచి వార్తలొచ్చాయి. ఎందరన్న దానిపై వాదనలు జరిగాయి. ఆ కుటుంబాలన్నిటినీ పలకరిస్తానని కొడుకు జగన్‌మోహన్‌రెడ్డి నల్లకాలువ సభలో మాటిచ్చారు. 2010లో ఓదార్పు యాత్ర మొదలైంది. తండ్రి పుట్టినరోజైన జులై 8న ఇచ్ఛాపురం నుంచి ఒక విడత సాగింది. కాంగ్రెస్ అధిష్ఠానం వద్దన్నది, ఆయన ఆగలేదు. ఆ ఏడాది నవంబరులో పార్టీని విడిచారు. యాత్ర వెనక రాజకీయం ఎంతన్నది అప్పుడూ తేలలేదు, ఇప్పుడూ తేలదు. కానీ తండ్రిని పోగొట్టుకున్నవాడు తనలాంటి మరో ఇంటికి పోయి చాప మీద కూర్చోవడం సీమ జనానికి ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని కాలేదు.

ఇప్పుడు చిక్కు ఇంకోచోట ఉంది. ఈ జిల్లా బిడ్డలు ఎందరో కువైట్‌లో ఉన్నారు. కన్నతల్లి పోతే సెలవు దొరికి, టికెట్టు దొరికి చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. రాలేనివాళ్లు వీడియో కాల్‌లో చూస్తారు. ఇక్కడ తమ్ముణ్ని పలకరించే ఊరు ఉంది. అక్కడ గదిలో ఉన్న అన్నను పలకరించేది తోటి కూలీలే. వాళ్లూ ఇలాగే అడుగుతారు, ఎట్లయిందని. చెప్పేకి అతని దగ్గర ఫోన్లో చూసిందే ఉంటుంది.