గాజుపాత్రలో గర్భాంకురము

తిరువళ్ళూరునకు చేరువనున్న పూండి జలాశయము కుశస్థలీనదిపై 1944లో నిర్మింపబడినది. 1996లో కృష్ణాజలము కండలేరునుండి కాలువ వెంట వచ్చి యిందు చేరినది. సహజమార్గము లేనిచోట మానవుడు మఱియొక మార్గము కల్పించి నీటిని గమ్యమునకు చేర్చినాడు. స్త్రీశరీరమునందు అండవాహికలు మూసికొనిపోయినపుడు వైద్యులు చేసిన పనియు నిట్టిదే.

సాధారణముగా నెలకొక యండము అండాశయమునుండి వెలువడి, అండవాహికలో శుక్రకణముతో కలిసి పిండమగును. ఈ కలయికను శరీరమునకు వెలుపల గాజుపాత్రలో జరిపించుటయే యీ చికిత్స. ముందుగా సుమారు పది దినములు హార్మోను సూదులిచ్చి, పెక్కండములు ఒక్కసారి పక్వమగునట్లు చేయుదురు. స్కానింగుచే వాని పెరుగుదలను గమనించి, తుదిసూది యిచ్చిన రమారమి 36 గంటలకు సన్నని సూదితో వానిని వెలికి తీయుదురు. 37 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనమున శుక్రకణములతో కలిపి యుంచగా, ఫలదీకరణము జరిగినదీ లేనిదీ మఱునాటికి తెలియును. మూడవ లేక ఐదవ దినమున పిండమును గర్భాశయమునందు ప్రవేశపెట్టుదురు. గర్భము నిలిచినదీ లేనిదీ తేలుటకు సుమారు రెండు వారములు పట్టును.

1978 జూలై 25న ఇంగ్లాండునందలి ఓల్డ్‌హామున లూయీస్ బ్రౌన్ జన్మించుటతో ఈ విద్య లోకప్రసిద్ధమైనది. ఆ కృషికి గాను రాబర్ట్ ఎడ్వర్డ్స్ 2010లో నోబెల్ బహుమానము నందెను. అది జరిగిన 70 దినములకే, అక్టోబరు 3న, కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయుని ప్రయత్నమున ఒక బాలిక జన్మించినది. ఆయన పిండమును అతిశీతలస్థితిలో 53 దినములు నిలువయుంచి, పిమ్మట గర్భమున నిలిపెను. ప్రభుత్వము నియమించిన సంఘము ఆయన మాట నమ్మలేదు. అవమానభారముతో ఆయన 1981లో ప్రాణము తీసికొనెను.

1986 ఆగస్టు 6న బొంబాయిలో డాక్టరు ఇందిరా హిందూజా, శాస్త్రజ్ఞుడు ఆనందకుమార్ గార్ల కృషి ఫలించి మఱియొక శిశువు జన్మింపగా, దేశమున నదియే మొదటిదని అందఱును తలచిరి. కాని ముఖోపాధ్యాయుని వ్రాతలను పరిశీలించిన ఆనందకుమార్, 1997లో, ప్రథమస్థానము ఆయనదే యని ప్రకటించెను. తనకు దక్కిన కీర్తిని తానే విడిచి సత్యమును నిలుపుట సామాన్యగుణము కాదు.

దక్షిణదేశమున 1990లో మద్రాసునందు డాక్టరు కమలా సెల్వరాజ్ ఈ విద్యను ఫలింపజేసెను. 2019 సెప్టెంబరులో గుంటూరున 74 ఏండ్ల స్త్రీ, దాతనుండి గ్రహించిన యండముతో, కవలలను కనినపుడు, ఈ చికిత్సకు హద్దు ఏదియన్న ప్రశ్న పుట్టినది. 2021నాటి కేంద్రశాసనము స్త్రీకి 50, పురుషునకు 55 ఏండ్లను గరిష్ఠవయస్సుగా నిర్ణయించి, వైద్యశాలల నమోదును విధించినది.

సంతానలేమికి కారణము పురుషునియందును ఉండవచ్చునని నేటి వైద్యము స్పష్టముగా చెప్పుచున్నది. అయినను "గొడ్రాలు" అను నిందను తరతరములుగా స్త్రీయే మోసినది. చికిత్స ప్రతిమారును ఫలింపకపోవచ్చును. ఆ మాటను విడిచిపెట్టుటకు మాత్రము ఏ వైద్యమును అక్కఱలేదు.