నాగువడ్డీ, ఒకటిన్నర ఎక్కం

చిన్నపిల్లలకు లెక్కలు నేర్పితే బుద్ధి పదునెక్కుతుందని అందరూ అనేదే. ఏ లెక్కలు, ఎవరి పిల్లలకు, ఎట్లా నేర్పితే అని మాత్రం అడగం. మా మధిర ప్రాంతపు చరిత్రను ముందు పెట్టుకుని ఆ ప్రశ్న వేయదలిచాను.

తెలుగులో గణితం నిన్న మొన్నటిది కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో మొదటి శాస్త్రగ్రంథం అదేనంటారు. కాని ఆ పద్యాలు ఎవరికి అందాయి? కరణాల పిల్లలకు అందాయి గాని పాలేళ్ల పిల్లలకు అందలేదు. 1823లో బళ్లారి కలెక్టరు కాంబెల్ తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు వున్నారని రాశాడు. అందులో ఆడపిల్లలు 60 మంది! పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు; అర్థం తెలియకుండా పద్యాలు చిలకల్లా వల్లించటాన్ని తప్పుపట్టాడు. (బడులు క్షీణించటానికి దేశం బీదపడటమే కారణమని కూడా ఆ దొరే ఒప్పుకున్నాడు.)

1948 దాకా మధిర నిజాం రాజ్యంలో వుంది. సర్కారు చదువు ఉర్దూలో, భూమి లెక్క పట్వారీ దస్త్రంలో, గింజల కొలత దొర గాదె దగ్గర. నాగుకు తెచ్చుకున్న గింజలు పంట రాగానే ఒకటికి ఒకటిన్నర చొప్పున కొలవాలి. తూము, అంటే నాలుగు కుంచాలు, తెచ్చినవాడు ఆరు కుంచాలు ఇవ్వాలి. పంట పోతే మరుసటేటికి ఆరు తొమ్మిదవుతుంది. ఆ పైయేటికి తొమ్మిది పదమూడున్నర.

మా తాతకు ఒకటిన్నర ఎక్కం గడగడా వచ్చు. గాదె దగ్గర జరిగేది ఆ ఎక్కమేనని ఆయనకు తట్టటానికి మాత్రం సంఘం రావలసి వచ్చింది. 1945లో ఆంధ్ర మహాసభ ఖమ్మంలో జరిగింది. ఆ తర్వాత 1946 నుంచి 1951 దాకా సాగిన పోరాటంలో ఎన్నో పల్లెల్లో అప్పు పత్రాలు తగలబడ్డాయి. కంఠస్థం పనికిరాదని నేననను. ఎక్కం నోటికి రానివాడికి ఆలోచించే తీరికే చిక్కదు. కాని నోటికి రావటంతోనే ఆలోచన రాదనటానికి మా తాతే సాక్షి.

ఈ మధ్య మా వీధి పిల్లల ముందు చింతగింజలు పోసి ఈ నాగు లెక్క చేయించాను. అర కుంచానికి సుద్దముక్క విరిచి పెట్టారు. అయిదో తరగతి పిల్ల ఒకతె గింజలు రెండు వరసలుగా పేర్చింది. "తాతయ్యా, తెచ్చింది నాలుగు. ఏడాదికి రెండు చొప్పున మూడేళ్లకు ఆరు. మొత్తం పదే గదా! పదమూడున్నర ఎట్లా అయింది?"

వడ్డీ మీద వడ్డీ అనే మాట నేను చెప్పలేదు. ఆ పిల్ల రెండు వరసలనూ మళ్లీ మళ్లీ చూసింది. రెండో యేడు పెరిగినవి రెండు కావు, మూడు అని వేలు పెట్టి చూపించింది. ఆ అదనపు గింజను పక్కకు తీసింది. మూడో యేడు పెరిగినవాటిలోంచి ఇంకో రెండున్నర తీసింది. పక్కన మూడున్నర మిగిలింది.

"ఇవి వాళ్లు తెచ్చుకోనేలేదు గదా తాతయ్యా, మరెందుకిచ్చారు?" అంది.