అయస్కాంతపు ఫీత – వ్యస్తాక్షరి

అవధాన సభలను చూచిన పెద్దలకు వ్యస్తాక్షరి యన నేమో చెప్పనక్కరలేదు. పృచ్ఛకుడొకడు ఒక వాక్యమును మనస్సున నుంచుకొని, దాని యక్షరములను వరుస తప్పించి, ఒకమారు ఏడవదానిని, మరియొకమారు రెండవదానిని, నడుమ నడుమ నందించుచుండును. అవధాని యితరులు కోరిన పద్యములు చెప్పుచునే వానిని దాచుకొని, కడపట వాక్యమును సరిగా నప్పగించును. వేరొకడు అప్పుడప్పుడు గంట కొట్టును. ఆ దెబ్బల లెక్కయు నవధాని ధారణలోనే యుండవలెను. కడియమున 1870లో జన్మించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును, యెండగండిన 1872లో జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును ఈ విద్యను జంటగా నూరూర వెలిగించిరి. వారి పద్యములు పుస్తకములలో నిలిచినవి. ఆ గంట మ్రోతను, సభవారి మెప్పును నిలుపు సాధనము మాత్రము అప్పటికి మనకు లేదు. తిరుపతిశాస్త్రిగారు 1920లో దివంగతులైరి. ధ్వనిని పట్టు అయస్కాంతపు ఫీత అప్పటికి పుట్టనేలేదు.

ధ్వనిని పట్టు ప్రయత్నము అంతకు పూర్వమే యారంభమైనది. అమెరికాలో ఎడిసను 1877లో ఫోనోగ్రాఫును నిర్మించెను. మన దేశమున 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను గ్రామఫోను ప్లేట్లపై పట్టిరి. కాని ప్లేటునకు ఒక్కొక్క ప్రక్క మూడు నాలుగు నిమిషముల పాటయే పట్టును. నాటక పద్యమొకటి దానిలో నిముడును. తెల్లవారుదాక సాగు హరికథ యెట్లిముడును?

డెన్మార్కు దేశస్థుడు పౌల్సెను 1898లో ఉక్కుతీగపై అయస్కాంతశక్తిచే మాటను నిలుపు యంత్రమును కనిపెట్టెను. జర్మనీలో ప్ఫ్లాయిమరు 1928లో కాగితపు ఫీతకు ఇనుపపొడి పూసి, తీగకు బదులుగా వాడవచ్చునని చూపెను. 1935లో బెర్లిను ప్రదర్శనమున మాగ్నెటోఫోను అను యంత్రము వెలువడెను. దాని పని యిట్టిది. పలుకు మైక్రోఫోనులో విద్యుత్తుగా మారును. ఆ విద్యుత్తు హెడ్డు అను చిన్న విద్యుదయస్కాంతము గుండ పారును. దాని యెదుట కదలు ఫీతలోని ఇనుపరేణువులు ఆ హెచ్చుతగ్గులను ముద్రగా గ్రహించును. ఫీతను మరల నడపినచో ఆ ముద్రయే విద్యుత్తును పుట్టించి పలుకై వినవచ్చును. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట పారు గోదావరిని నిలిపి కాలువలకు మరలించినట్లే, ఈ ఫీత పారిపోవు ధ్వనిని నిలిపి, కోరినప్పుడు మరల వదలును. క్షణమునకు ఏడున్నర అంగుళములు నడచు 1200 అడుగుల చుట్ట సుమారు 32 నిమిషములు పలుకును.

విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. నిడదవోలున పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు, శంకరగుప్తమున పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు అచ్చట పనిచేసిరి. డెల్టావారి గళములు ఇంటింటను వినబడెను. లాభము గొప్పది; లోపమొకటి కలదు. హరికథలో శ్రోత 'గోవిందా' యని బదులు పలుకును. బుర్రకథలో వంతవాడు 'తందాన' యనును. అవధానమున పృచ్ఛకుడు లేనిదే సభ లేదు. యంత్రము పాడునప్పుడు శ్రోత చేయవలసినదేమి? వినుటయే.

ఈ లోపమును గుర్తించి దానికి విరుగుడు చూపినవారిలో కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్ ఒకడు. 1963 మార్చిలో జర్మనీలోని వుప్పర్టాల్ నగరమున నతడు ధ్వని నిండిన ఫీత ముక్కలను గోడకు అంటించి, యంత్రమునుండి ఊడదీసిన హెడ్డును చూడవచ్చినవారి చేతికిచ్చెను. వారు దానిని ఏ ముక్కపై నడపిన ఆ ధ్వని పలికెను. వేగముగా నడపిన సన్నగాను, మెల్లగా నడపిన బొంగురుగాను పలికెను. వెనుకకు నడపిన తలక్రిందులుగా పలికెను. వరుస చెప్పువాడు యంత్రము కాక మనుష్యుడాయెను. ఇది వ్యస్తాక్షరి కాదా? అచ్చట నక్షరములు, ఇచ్చట ధ్వనులు. అచ్చట ధారణ మనుష్యునిది, ఇచ్చట ఇనుపపొడిది. అడుగువాడు మాత్రము రెంట నొక్కడే. 1977లో అమెరికాలో లారీ ఆండర్సను ఫిడేలు కమానుకు వెండ్రుకల బదులు ఫీతను బిగించి, ఫిడేలుపై హెడ్డునుంచి, మాటలనే వాయించెను.

మన దేశమున అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో 1969లో డేవిడ్ ట్యూడరు అను అమెరికను సంగీతజ్ఞుని సాయమున నొక విద్యుత్సంగీతశాల యేర్పడెను. అచ్చట మనవారు పట్టిన చుట్టలు దాదాపు అర్ధశతాబ్దము అరలలో పడియుండి, యిటీవల వెలికివచ్చి ప్రపంచమునకు వినబడెను. ఎవరును పారవేయకుండుటయే వాని భాగ్యము. ఏలయన ఫీతను పట్టుట యెంత సులభమో చెరపుటయు నంత సులభము. వెల యెక్కువగుటచే పలుదేశముల ప్రసారశాలలు పాత చుట్టలను చెరిపి క్రొత్తవానికి వాడుకొనినవి.

రాజమహేంద్రవరపు నేదునూరి గంగాధరముగారు జానపద గేయములను సేకరించి యచ్చువేసిరి. అచ్చు పాట మాటను దక్కించును. వరుసను, గొంతును దక్కింపజాలదు. ఆ రెండును నేడు మీ యిండ్లలో నుండవచ్చును. 1963లోనే వెలువడిన కాసెట్టు తరువాత పల్లెలకును చేరినది. తాతగారి పురాణపఠనము, పెండ్లిలో అమ్మమ్మ పాడిన పాట, ఊరి భజన అందులో నుండగూడును. మన డెల్టా తేమ వానికి శత్రువు; బూజు ఫీతను తినును. పొడిచోట నిలువుగా నుంచుడు. లౌడుస్పీకరునకు దూరముగా నుంచుడు. కాసెట్టు వెనుకనున్న చిన్న రేకులను విరిచినచో పొరపాటున చెరిగిపోదు. బూజు పట్టినదానిని ఆడింపక, తెలిసినవారిచేత కంప్యూటరునకు ఎక్కింపించుడు. ఎక్కించునాడు మనుమలను చెంత కూర్చుండబెట్టుకొని, ఆ గొంతు ఎవరిదో, ఏ యూరిదో, ఏ సందర్భమో చెప్పి వ్రాయింపుడు. పేరు తెలియని గొంతు అడుగువాడు లేని అవధానము వంటిది. ఫీత ధ్వనిని దాచును. అర్థమును దాచవలసినవారు మీరే.