జాబితాకెక్కని కారణాలు

2004లో, దసరా సెలవులకు కొన్ని రోజుల ముందు, నర్సాపూర్‌లో మా బడి గ్రౌండులో వేపచెట్టు కింద నాలుగు ఇనుప కుర్చీలు వేసి బాలికల హాకీ జట్టును ఎంపిక చేశారు. నేను హిస్టరీ చెప్పేదాన్ని. ఆట గురించి నాకు తెలిసింది తక్కువ. ఆడపిల్లల జట్టు కాబట్టి కమిటీలో ఒక ఆడ టీచరు ఉండాలని చివరి నిమిషంలో ఎవరికో గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్న నన్ను పిలిపించారు. సుద్దముక్క చేతిలోనే ఉంది. నాలుగో కుర్చీ నాది.

చుట్టుపక్కల మండలాల నుంచి నలభై మంది దాకా పిల్లలొచ్చారు. సగం మందికి సొంత హాకీ కట్టె లేదు. ఆడి వచ్చినవాళ్లు తమ కట్టెను తర్వాతివాళ్లకు ఇస్తున్నారు. కొందరికి కాళ్లకు బూట్లు కూడా లేవు. కావలసింది పదహారు మంది. అరగంటలో పదిహేను పేర్లు తేలిపోయాయి. ఆ తేలడం ఎట్లా ఉంటుందో అప్పుడే మొదటిసారి చూశాను. కాస్త ఒళ్లున్న పిల్ల కనబడగానే "గామెను గోల్‌కీపర్‌కు రాసుకోండ్రి" అన్నారు. ఆ పిల్లకు బంతి ఎటు వస్తుందో కనిపెట్టే చూపు ఉందా, దూకగలదా అని ఒక్కరూ చూడలేదు. గోలు ముందు అడ్డంగా నిలబడడానికి దేహం ఉంటే చాలనుకున్నారు. ఒకమ్మాయి పేరు రాగానే వాళ్ల నాన్న ఏం చేస్తాడని అడిగారు. ఇంకొకామె సర్పంచ్‌గారి తమ్ముడి కూతురు. ఆమె విషయంలో చర్చే లేదు.

పదహారో పేరు దగ్గర మాత్రం గంటసేపు పట్టింది. ఇద్దరు మిగిలారు. వాళ్లలో ఒకమ్మాయి ఎడమవైపు నుంచి బంతి తీసుకుని పోతుంటే నాలాంటి ఆట తెలియనిదానికి కూడా చూపు ఆగిపోయింది. ముగ్గురిని దాటింది. నాలుగో అమ్మాయి అడ్డమొస్తే ఆగి, తలెత్తి చూసి, పక్కనున్న పిల్లకు అందించింది. ఆ తలెత్తి చూడడమే ఆట అని నాకు తర్వాతెప్పుడో అర్థమైంది.

"ఆడుడు మంచిగనే ఆడ్తది సార్. గని పెద్దమనిషైంది. ఒచ్చే ఏడు లగ్గం జేస్తరు. మన సీటు ఖరాబైతది" అన్నాడొకాయన.

"గా మాట నిజమే. చిన్న పిల్లనైతే మూడేండ్లు ఆడిపియ్యొచ్చు" అన్నాడు ఇంకొకాయన. మూడో ఆయన నా వైపు తిరిగి, "మీరేమంటరు మేడం, ఆడోళ్ల సంగతి మీకే ఎర్క" అన్నాడు.

నేనేమీ అనలేదు. అప్పటికే స్త్రీవాద సాహిత్యం చదువుకున్నదాన్ని, సభల్లో మాట్లాడినదాన్ని. ఆ పూట మాత్రం నోరు పెగల్లేదు. కాగితం నా ముందుకొస్తే నాలుగో గడిలో సంతకం పెట్టాను. అందులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, తరగతి, బడి అని గడులున్నాయి. తల్లి పేరుకు గడి లేదు, ఎందుకు తీసుకున్నారో ఎందుకు తీసుకోలేదో రాయడానికీ గడి లేదు. పదిహేడో అమ్మాయి గురించి ఆ కాగితంలో ఒక్క అక్షరం లేదు.

చరిత్ర చెప్పేవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. మనకు దొరికేవి జాబితాలే. శిస్తు కట్టినవాళ్ల జాబితా, జైలుకెళ్లినవాళ్ల జాబితా, పతకం తెచ్చినవాళ్ల జాబితా. పక్కనపెట్టిన పేర్లూ, పక్కనపెట్టేటప్పుడు ఆడిన మాటలూ ఏ దస్త్రంలోనూ ఉండవు. అందుకే మన ఆడవాళ్ల హాకీ చరిత్ర రాయాలంటే స్కోర్లు, పతకాలు సరిపోవనిపిస్తుంది. ఎవరు ఆడాలన్న చర్చలో ఆట కాక ఇంకేమేం మాట్లాడారో వెతకాలి.

ఒలింపిక్స్‌లో మహిళల హాకీ మొదటిసారి 1980లో మాస్కోలో వచ్చింది. రూపా సైనీ నాయకత్వంలో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. చాలా దేశాలు బహిష్కరించాయి. ఆరు జట్లు ఆడాయి. బంగారు పతకం జింబాబ్వేకు పోయింది. ఖాళీ నింపడానికి ఆటలకు కొద్ది వారాల ముందే పిలుపు రాగా, హడావిడిగా ఎంపిక చేసిన జట్టది. అదే ఏడాది ఏప్రిల్‌లో స్వతంత్రమైన ఆ నల్లజాతి దేశం తరఫున ఆడిన ఆడవాళ్లందరూ తెల్లవాళ్లే. హాకీ కట్టె, పచ్చిక మైదానం, తీరిక అప్పటిదాకా ఎవరి చేతుల్లో ఉన్నాయో ఆ జట్టు ఫోటో ఒక్కటే చెబుతుంది.

ఆ తర్వాత మన మహిళల జట్టు మళ్లీ ఒలింపిక్స్ చూడడానికి 36 ఏళ్లు పట్టింది. ఈ మధ్యలో 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2003లో మన హైదరాబాద్‌లోనే జరిగిన ఆఫ్రో ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చాయి. మా వేపచెట్టు కింది ఎంపిక జరిగిన కొన్ని నెలలకు, 2005 మొదట్లో, గచ్చిబౌలిలో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైంది. హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచింది. మా పిల్లలను తీసుకెళ్దామనుకున్నాను, కుదరలేదు. తీసుకెళ్లినా వాళ్లు చూసేది మగవాళ్ల ఆటే. అదే నగరంలో ఏడాది పైచిలుకు కిందే బంగారు పతకం గెలిచిన ఆడవాళ్లకు ఆ లీగులో చోటు లేదు.

2007లో వచ్చిన 'చక్ దే ఇండియా' సినిమాను మా హాస్టల్ పిల్లలు ఎన్నిసార్లు చూశారో లెక్క లేదు. మాంచెస్టర్ విజయమే దానికి ప్రేరణ అంటారు. అందులో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన అమ్మాయి నేత్రా రెడ్డి. శిబిరంలో పేర్లు రాసుకునే గుమాస్తాకు తెలుగుకూ తమిళానికీ తేడా తెలియదు. పిల్లలు ఆ సీనుకు ఈలలేసేవాళ్లు. తెలుగు పిల్ల అనగానే ఇంటిపేరు రెడ్డే ఎందుకైందని నేను అడిగితే ఎవరూ నవ్వలేదు. ఊహించిన జట్టులో కూడా మనకు దొరికిన చోటు అంతే.

2016లో రియోకు అర్హత తెచ్చినప్పుడు జట్టుకు కెప్టెన్ రీతూ రాణి. ఆటలకు కొన్ని వారాల ముందు ఆమెనే తప్పించి సుశీలా చానుకు పగ్గాలిచ్చారు. ఆటతీరుతో పాటు ఆమె 'వైఖరి' గురించి కూడా పత్రికల్లో రాశారు. ఈ మాటను నేను చాలాచోట్ల విన్నాను. మగపిల్లవాడిది పట్టుదల అయినచోట ఆడపిల్లది వైఖరి అవుతుంది. సెలెక్టర్లకు ఆటపరమైన కారణాలు ఉండి ఉండవచ్చు, అది తేల్చే అర్హత నాకు లేదు. అర్హత తెచ్చిన కెప్టెన్ మాత్రం రియో చూడలేదు.

ఆ పదహారు మంది వెనుక స్టాండ్‌బైగా ఉన్న ఇద్దరిలో మన ఎతిమరపు రజని ఒకరు. అప్పటి చిత్తూరు జిల్లా యర్రావారిపాళెం మండలంలోని పల్లె నుంచి వెళ్లిన గోల్‌కీపర్. రియోలో గోలు ముందు నిలబడింది సవిత. 2021 టోక్యోలోనూ సవితే. రజని మళ్లీ రిజర్వే. జట్టు కంచు పతకం పోరులో బ్రిటన్ చేతిలో 3-4తో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. తిరిగొచ్చాక రజనికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 25 లక్షల రూపాయలు, తిరుపతిలో ఇంటి స్థలం ప్రకటించింది. బాగుంది. నాకు మాత్రం రెండో గోల్‌కీపర్ బతుకు గురించి ఎవరైనా రాస్తే చదవాలనుంది. మిగతా పది స్థానాల్లో ఆడేవాళ్లు ఆట మధ్యలో మారుతూనే ఉంటారు. గోల్‌కీపర్ అట్లా మారదు. ఏళ్ల తరబడి రోజూ అదే బరువు ప్యాడ్లు కట్టుకుని, అదే వందల షాట్లు ఆపి, పెద్ద రోజున బయట ఉండాలి. నిజామాబాద్ నుంచి భారత జట్టుదాకా వెళ్లిన యెండల సౌందర్య పేరు కూడా మా జిల్లా పిల్లల్లో ఎంతమందికి తెలుసునని అడిగి చూశాను. చెయ్యెత్తింది ఇద్దరు.

టోక్యోలోనే ఇంకొకటి జరిగింది. 2021 జూలై 31న దక్షిణాఫ్రికా మీద వందనా కటారియా మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన తొలి భారతీయ మహిళ ఆమె. నాలుగు రోజులకు సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో ఓడిపోగానే, హరిద్వార్ దగ్గర రోషనాబాద్‌లో ఆమె ఇంటి ముందు కొందరు పటాకులు కాల్చి గంతులేశారు. జట్టులో దళితులు ఎక్కువైపోయారు కాబట్టే ఓడిందని తిట్టారని కుటుంబం ఫిర్యాదు చేసింది, పోలీసులు అరెస్టులు చేశారు. నేనిది చదివి చాలాసేపు పేపరు పక్కన పెట్టలేకపోయాను. వాళ్లు చేసింది కూడా ఒక రకంగా జట్టు ఎంపిక చర్చే. మా వేపచెట్టు కింద "వాళ్ల నాయిన ఏం జేస్తడు" అని మర్యాదగా అడిగినదాన్నే వీళ్లు రోడ్డు మీద అరిచి చెప్పారు.

2024 అక్టోబర్‌లో ఢిల్లీలో మహిళల హాకీ ఇండియా లీగ్‌కు మొదటిసారి వేలం జరిగినప్పుడు మా ఇంట్లో టీవీ ముందు నేను, మా అమ్మాయి కూర్చున్నాం. ఆడవాళ్లను వేలంలో కొనడమేమిటని మొదట ఒళ్లు జలదరించింది. మా అమ్మాయి, "అమ్మా, జీతం బయటికి చెప్తున్నారంతే. నీ రోజుల్లో ఊరికే ఆడిపిచ్చుకున్నరు కదా" అంది. జవాబు తట్టలేదు.

అప్పటి నియమం ప్రకారం ప్రతి జట్టులో 24 మంది, అందులో నలుగురు తప్పకుండా జూనియర్లు. పేరున్నవాళ్లను కొనడానికి డబ్బుంటే చాలు. జూనియర్ల దగ్గరే అసలు తర్జనభర్జన. పదిహేడేళ్ల పిల్ల ఇరవై రెండేళ్లకు ఎట్లా ఆడుతుందో ఊహించాలి. ఒడిశా అమ్మాయి సునేలితా టొప్పో వయసు అప్పుడు పదిహేడే. ఆమె కోసం పాట పెరుగుతూ పెరుగుతూ 24 లక్షలకు పోయింది. ఆ బల్లల దగ్గర తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుతున్నవాళ్లను చూస్తుంటే నాకు మా ఇనుప కుర్చీలే గుర్తొచ్చాయి. అయితే ఇక్కడ ఎవరూ "వచ్చే ఏడు లగ్గం" అనలేదు, కనీసం మైకులో అనలేదు.

లెక్కలు మాత్రం మాట్లాడాయి. అందరికన్నా ఎక్కువ ధర ఉదితకు, 32 లక్షలు. మగవాళ్లలో హర్మన్‌ప్రీత్‌కు 78 లక్షలు. మగ జట్టు సంచిలో 4 కోట్లు, ఆడ జట్టు సంచిలో 2 కోట్లు. మగవాళ్లకు ఎనిమిది జట్లుంటే ఆడవాళ్లకు నాలుగే ఆడాయి. ఆ నాలుగింటిలో హైదరాబాద్ లేదు. హైదరాబాద్ తూఫాన్స్ మగవాళ్ల జట్టు, 2025 ఫిబ్రవరి 1న ఫైనల్లో బెంగాల్ చేతిలో 3-4తో ఓడింది. ఆడవాళ్ల ఫైనల్ అంతకు ముందే జనవరి 26న రాంచీలో అయింది. 1928 ఒలింపిక్ స్వర్ణ జట్టు కెప్టెన్, ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా పేరున్న స్టేడియంలో ఒడిశా వారియర్స్ గెలిచింది. ఖుంటి, సిమ్డేగా, సుందర్‌గఢ్ ఆదివాసీ పల్లెల నుంచి ఇంతమంది అమ్మాయిలు జాతీయ జట్టుదాకా వస్తున్నారంటే, అక్కడ ఊరి మైదానంలో ఆడపిల్ల ఆడడం వింత కాదు. మన దగ్గర ప్రతిభ లేక కాదు, ఊరి మైదానం దగ్గరే వడపోత అయిపోతున్నది.

కెనడా, అమెరికాల్లో ఆడేది మంచు మీద హాకీ. అక్కడ ఆడవాళ్ల కొత్త లీగ్ 2023 సెప్టెంబర్‌లో మొదటి డ్రాఫ్ట్ పెట్టినప్పుడు టేలర్ హైసీని మిన్నెసోటా జట్టు అందరికన్నా ముందు ఎంచుకుంది. డ్రాఫ్ట్‌లో డబ్బు పాట ఉండదు, జట్లు వంతులవారీగా పేర్లు పిలుస్తాయి. ఎవరిని ముందు పిలవాలన్నది అక్కడ నెలల ముందు నుంచే బహిరంగంగా తగువులాడుకుంటారు. ఈమె స్కేటింగ్ బాగుంది, ఆమెకు ఒత్తిడిలో చూపు బాగుంది అని. అక్కడా పక్షపాతాలుంటాయి. కాని కారణం గాలిలోకి వస్తుంది, దాన్ని ఎవరైనా పట్టుకుని కొట్లాడొచ్చు.

మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నది హకీంపేట క్రీడా పాఠశాల ఎంపిక. నాలుగో తరగతిలో చేర్చుకోవడానికి పిల్లల ఎత్తు, బరువు కొలుస్తారు, పరుగు పెట్టిస్తారు, నిలబడి దూకిస్తారు, మెడిసిన్ బాల్ విసిరిస్తారు, 800 మీటర్లు ఉరికిస్తారు. మండలం, జిల్లా, రాష్ట్రం అని మెట్లు. నాకు ఈ టేపు మీద, ఈ స్టాప్‌వాచ్ మీద మొదట కోపముండేది. ఎనిమిదేళ్ల పిల్లను తూకమేసి ఏం తెలుసుకుంటారని. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. టేపు కులం అడగదు, పెళ్లెప్పుడని అడగదు. అయితే ఆ అమ్మాయి తలెత్తి చూడడాన్ని టేపు కొలవలేదు. కూలికి పోయే తల్లి పని మానుకుని పిల్లను టేపు దగ్గరిదాకా తీసుకురావాలి కదా, అది కూడా ఏ గడిలోనూ లేదు.

పదిహేడో అమ్మాయికి ఆ మరుసటి ఏడు పెళ్లి కాలేదు. ఇంటర్ చదివింది, డిగ్రీ చదివింది. జట్టుకెక్కిన చిన్న పిల్లకే పదో తరగతి అవుతూనే లగ్గం చేశారు. మెదక్ బస్సులో ఒకసారి కలిసినప్పుడు ఆమె నన్ను గుర్తుపట్టి సీటిచ్చింది. "మేడం, ఆ దినం నేను సరిగ ఆడలేదా" అని అడిగింది. పన్నెండేళ్లు ఆ ప్రశ్న మోసింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. నా సంతకం సంగతి కూడా. ఆమె కొంచెంసేపు కిటికీలోంచి నర్సాపూర్ అడవి వైపు చూసింది. "మంచిగ ఆడిన్నన్నట్టు" అంది.

మొన్నామధ్య మళ్లీ ఒక ఎంపికకు నన్ను కూర్చోమన్నారు. ఇప్పుడు బాలికల కమిటీలో ఇద్దరు ఆడ వ్యాయామ టీచర్లున్నారు, అది మార్పే. ఫారంలో తల్లి పేరుకు గడి వచ్చింది. తీసుకోనివాళ్ల పేర్లు కూడా రాసి, పక్కన కారణం రాద్దామన్నాను. పెద్ద సారు నవ్వి, "కారణాలు రాస్తే కేసులైతయి మేడం" అన్నాడు. టీచర్లలో చిన్నామె తన సంచిలోంచి నోట్‌బుక్కు తీసి, వెనక పేజీలో గీతలు కొట్టడం మొదలుపెట్టింది. పేరు, ఊరు, తల్లి, ఆడే స్థానం. ఐదో గడి దగ్గర ఆగి, ఏం హెడ్డింగు పెట్టమంటారని నన్ను అడిగింది.