20 మెగాబైట్లకి ఓ ఇల్లు

మా ఊరి తెలుగు సంఘంలో అందరికన్నా పాతకాపు ఒక పెద్దాయన ఉన్నారు. పేరు రాయొద్దన్నారు కనుక ఇక్కడ పెద్దాయన అనే అంటాను. 2024 ఉగాది కార్యక్రమం అయ్యాక, పులిహోర ప్లేటు చేతిలో ఉండగానే నన్ను పక్కకి పిలిచి, "బాబూ, నువ్వు పాత కంప్యూటర్లు బాగుచేస్తావటగా?" అన్నారు.

"బాగుచెయ్యడం అంటూ ఏం లేదండీ. మరీ పాడవకుండా చూస్తానంతే" అన్నాను.

మర్నాడు ఆదివారం కారులో వచ్చారు. వెనకసీట్లో సీటుబెల్టు పెట్టుకుని కూర్చున్నది ఒక మెకింటాష్ ప్లస్. పక్కనే జిప్పున్న బాస్మతి బియ్యం సంచి. అందులో మెకింటాష్ కింద పెట్టుకునే హార్డ్ డిస్కు, దాని డబ్బా తాలూకు ముక్కలు. ఇల్లు మారుతున్నప్పుడు సామాన్లు మోసేవాళ్ళ చేతుల్లోంచి జారిందట. ముప్ఫై ఏళ్ళు దాటిన ప్లాస్టిక్కు కదా, అప్పడంలా విరిగింది.

1987లో కొన్నారట రెండూ. సంఘం వార్తాలేఖ దాదాపు పదేళ్ళు అందులోనే తయారైంది. ఇంగ్లీషు భాగం ఆయన టైపు చేసేవారు. తెలుగు శీర్షికలు ఆయన శ్రీమతి వేసేవారు. 'రాసేవారు' అనడం లేదు, గమనించండి. వాళ్ళ దగ్గర తెలుగు ఫాంటు లేదు. అందుకని ఆవిడ మ్యాక్‌పెయింట్‌లో మౌసు పట్టుకుని ఒక్కో అక్షరం చుక్క చుక్కగా దిద్దేవారట. ఆవిడ పోయి ఆరేళ్ళు. అచ్చయిన సంచికలు కొన్ని అటకమీద ఉన్నాయి. అచ్చు కానివి ఏమైనా ఉంటే ఆ బియ్యం సంచిలోనే ఉండాలి.

నేను 90ల చివర ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. ల్యాబ్ గుమ్మంలో చెప్పులు విడిచి, చొక్కా జేబులో 1.44 మెగాబైట్ల ఫ్లాపీ పెట్టుకుని లోపలికి వెళ్ళిన తరం. బయటికొచ్చేసరికి చెప్పులూ ఉండేవి కావు, ఫ్లాపీలో ప్రోగ్రామూ ఉండేది కాదు. మెకింటాష్ అనే వస్తువుని అమెరికా వచ్చాకే చూశాను. పాత డిస్కులకి కొత్త డబ్బాలు కట్టే పిచ్చి ఆ తర్వాత పట్టుకుంది. ఈ వ్యాసం ఆ పిచ్చి గురించే అయినా, ముందు ఆ డబ్బాల వంశవృక్షం కొంచెం చెప్పాలి.

డిస్కు పుట్టినప్పుడు అది ఇంట్లో పెట్టుకునే వస్తువు కాదు. 1956లో ఐబీఎం వాళ్ళు శాన్ హోసేలో చేసిన 350 డిస్క్ యూనిట్‌లో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. బరువు టన్ను పైనే. ఫోర్క్‌లిఫ్ట్‌తో తోసేవారు. దాని డబ్బా అందంగా ఉందా అని అడిగినవాడు లేడు. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. పెట్టారు. 1969లో టీడీసీ-12 కంప్యూటర్ తయారైంది. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే ఎక్కడైనా బీరువాల వరసే.

1971లో ఐబీఎం 8 అంగుళాల ఫ్లాపీని బయటికి తెచ్చింది. అక్కడ పనిచేసిన అలాన్ షుగార్ట్ పేరుతో మొదలైన సంస్థ 1976లో 5¼ అంగుళాల చిన్న ఫ్లాపీ డ్రైవు ఎస్‌ఏ-400ని అమ్మకానికి పెట్టింది. డిస్కు ఇంట్లోకి రావడం అక్కడినుంచే.

ఇక్కడ కాస్త ఆగుతాను. ఎందుకంటే నాకు బాగా ఇష్టమైన డబ్బా ఇదే. ఆపిల్ 2లో ప్రోగ్రాములు క్యాసెట్ టేపు మీదనుంచి ఎక్కించాల్సి వచ్చేది. ఆ సంస్థలో పెట్టుబడి పెట్టిన మైక్ మార్కులా తన చెక్కుబుక్కు లెక్కల ప్రోగ్రాము టేపునుంచి ఎక్కేసరికి విసిగిపోయి, ఫ్లాపీ కావాలని స్టీవ్ వాజ్నియాక్ వెంటపడ్డాడు. 1977 క్రిస్మస్ సెలవుల్లో వాజ్నియాక్ కూర్చున్నాడు. షుగార్ట్ డ్రైవులోని ఎలక్ట్రానిక్ బోర్డులో చాలా భాగం తీసేసి, ఆ పని సాఫ్ట్‌వేరుకి అప్పగించి, కంట్రోలర్ కార్డుని 8 చిప్పులతో ముగించాడు. ఇది 1978లో డిస్క్ 2 పేరుతో అమ్మకానికి వచ్చింది. ధర 495 డాలర్లు. మరుసటేడు విసికాల్క్ వచ్చాక ఆఫీసుల వాళ్ళు కూడా కొన్నారు.

ఆ పొదుపు మన చెవికి కూడా వినపడుతుంది. డ్రైవు తల ఏ ట్రాకు మీద ఉందో చెప్పే సెన్సరు అందులో లేదు. మరి సున్నా ట్రాకు ఎక్కడో తెలిసేదెలా? తలని బయటివైపుకి, అవసరమైన దానికన్నా ఎక్కువ అడుగులు తొయ్యడమే. చివరికొచ్చాక అది గోడకి కొట్టుకుంటూనే ఉంటుంది. ఆపిల్ 2 ఆన్ చెయ్యగానే వచ్చే ఆ గరగర శబ్దం అదే. కొత్తవాళ్ళు మిషను పాడైందని హడలిపోతారు. ఇంజనీరుగా నాకది సంగీతం. ఇంత చేసి, దాని డబ్బా ఏమిటయ్యా అంటే, వంచిన రేకుకి లేతగోధుమ రంగు వేసి, ముందు నల్ల ప్లాస్టిక్ మొహం తగిలించినది. మన అటుకుల డబ్బాకన్నా గొప్పదేం కాదు. అయినా రెండు డిస్క్ 2లు ఒకదానిమీద ఒకటి పెడితే వచ్చే నిండుదనం తర్వాతి వాటిలో నాకు కనపడలేదు.

తర్వాత హార్డ్ డిస్కులు వచ్చాయి. 1981లో ఆపిల్ 3 కోసం ప్రొఫైల్ అనే డ్రైవు తెచ్చారు. 5 మెగాబైట్లు, 3,499 డాలర్లు. ఈనాటి ఫోనుతో తీసిన ఫోటో ఒకటి పట్టడమే కష్టం. 1985 సెప్టెంబరులో మెకింటాష్ 512కేకి హార్డ్ డిస్క్ 20 వచ్చింది. ఆ మెకింటాష్‌కి హార్డ్ డిస్కు కోసం ప్రత్యేకమైన పోర్టు లేదు కనుక, ఫ్లాపీ పోర్టులోంచే దాన్ని కలిపారు. దాని డబ్బా మెకింటాష్ పొడవు వెడల్పులకి సరిపోయేటట్టు, కింద పీటలా అమరేటట్టు చేశారు. బల్లమీద అదనంగా చోటు ఆక్రమించదన్నమాట. 1986 జనవరిలో మెకింటాష్ ప్లస్‌తో స్కజీ పోర్టు వచ్చింది. ఆ ఏడే దానికి తగిన హార్డ్ డిస్క్ 20 ఎస్‌సీ వచ్చింది. పెద్దాయన బియ్యం సంచిలోది అదే.

ఆ దశాబ్దంలో ఆపిల్ వస్తువులన్నిటికీ ఒకే పోలిక తెచ్చినవాడు జర్మన్ డిజైనర్ హార్ట్‌మట్ ఎస్లింగర్. ఆ శైలికి స్నో వైట్ అని పేరు. కథలో ఏడుగురు మరుగుజ్జుల్లా ఇక్కడ ఏడు వస్తువులని ఊహించుకుని మొదలుపెట్టారట. 1984 ఏప్రిల్‌లో ఆపిల్ 2సీతో అది జనం ముందుకి వచ్చింది. డబ్బా పొడవునా సన్నటి గాడులు ఉంటాయి. కొన్ని గాలి ఆడడానికి, మిగతావి అందానికి. ఏది దేనికో బయటినుంచి చెప్పలేం. చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. కాని ఆ గాడుల్లో చేరిన దుమ్ము తుడిచినవాడికి ఎస్లింగర్ మీద భక్తి కొంచెం తగ్గుతుంది.

సరే, బియ్యం సంచి దగ్గరికి వద్దాం.

లోపలి డ్రైవు సీగేట్ ఎస్‌టీ-225ఎన్. డబ్బా విరిగినా డ్రైవుకి పైకి దెబ్బ కనపడలేదు. డబ్బాలోని పవర్ సప్లై మాత్రం ఎప్పుడో పోయింది. వేరే పవర్ సప్లై తగిలిస్తే దీపం వెలిగింది కాని పళ్ళెం తిరగలేదు. చాలా ఏళ్ళు వాడకుండా ఉంచితే తలలు పళ్ళేలకి అంటుకుపోతాయి. దీనికి పుస్తకాల్లో లేని వైద్యం ఒకటుంది. డ్రైవుని హెయిర్ డ్రయ్యరుతో కాస్త వెచ్చబెట్టి, కరెంటు ఇస్తూ, బల్లకి సమాంతరంగా చేత్తో చటుక్కున ఒక మెలి తిప్పాలి. ఎక్కువ తిప్పితే తల ఊడుతుంది. తక్కువైతే కదలదు. మొదటిసారి కదల్లేదు. రెండోసారీ లేదు. మూడోసారికి మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏమండీ, అందులో వాళ్ళావిడ రాసినవి ఉన్నాయన్నారుగా, ఎవరైనా తెలిసినవాళ్ళకి ఇవ్వకూడదూ?" అంది. నాలుగోసారి తిరిగింది.

అప్పటికే బ్లూస్కజీ బోర్డు సిద్ధంగా పెట్టుకున్నాను. 2021లో వచ్చిన మొదటి రకం 'బ్లూ పిల్' అనే చవక బోర్డు మీద ఆధారపడేది. పేరూ అక్కడిదే. రెండో రకంలో రాస్ప్‌బెర్రీ పై పికో ఉంటుంది. మామూలుగా ఇది ఒక ఎస్‌డీ కార్డుని పాత స్కజీ డిస్కులా నటింపజేస్తుంది. దీన్నే తిప్పి వాడితే అసలు డిస్కుని చదివి కార్డులోకి నకలు తీస్తుంది. నకలు పూర్తయింది. చదవలేకపోయిన ముక్కలు 31. డ్రైవుని ఆపి, రెండోసారి ప్రయత్నిద్దామని మళ్ళీ కరెంటు ఇస్తే మరి తిరగలేదు. ఈనాటికీ తిరగలేదు.

డేటా వచ్చింది కదా, ఇంకా డబ్బా ఎందుకు? మా ఆవిడా అదే అడిగింది. బోర్డు నా అరచేతిలో సగం కూడా లేదు. దానికి 24 సెంటీమీటర్ల వెడల్పున్న డబ్బా ఏమిటని. నా జవాబు ఇది: ఆ డబ్బా డిస్కుని మోయడమే కాదు, మెకింటాష్‌ని మూడంగుళాలు పైకెత్తేది. తొమ్మిదంగుళాల తెర అది. డబ్బా తీసేస్తే పెద్దాయన మెడ వంచి చూడాలి. పదేళ్ళు చూసిన ఎత్తులో చూడకపోతే అది వాళ్ళింటి మెకింటాషే కాదు.

నా త్రీడీ ప్రింటర్ బల్ల 22 సెంటీమీటర్లు. డబ్బా దానికన్నా పెద్దది కనుక నాలుగు ముక్కలుగా చేసి అతికించాను. మొదట పీఎల్ఏ ప్లాస్టిక్‌తో చేశాను. జులైలో ఒకరోజు, రంగు కలిపించుకొద్దామని కారులో పెట్టి, దారిలో గ్రోసరీ షాపు దగ్గర ఆగాను. మాది డల్లాస్ శివారు. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుందని తెలిసినవాణ్ణే. ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవాణ్ణే. కరివేపాకు కట్టతో తిరిగొచ్చేసరికి పైమూత పడవలా వంగిపోయి ఉంది. రెండోసారి పీఈటీజీతో చేశాను. అది ఇంకొంచెం వేడికి ఆగుతుంది. ముక్కలు కలిసిన చోట పుట్టీ నింపి, గాడుల్లో ఉప్పుకాగితం మడిచి రుద్దడానికి రెండు శనివారాలు పట్టింది.

రంగు దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఆ కాలపు ప్లాస్టిక్‌లో మంట అంటుకోకుండా బ్రోమిన్ పదార్థాలు కలిపేవారు. వెలుతురు తగిలి ఏళ్ళు గడిచేకొద్దీ అది పచ్చబడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడుతో దాన్ని మళ్ళీ తెల్లబరిచే పద్ధతి 2008లో పాత కంప్యూటర్ల అభిమానులు కనిపెట్టారు. పెద్దాయన మాత్రం, "దానికి తలకి రంగెయ్యడం ఎందుకులే బాబూ" అని వద్దన్నారు. మరి నా కొత్త డబ్బాకి ఏ రంగు వెయ్యాలి? ఫ్యాక్టరీ రంగా, ఇప్పుడున్న రంగా? వెలుతురు చూడని మౌసు లోపలి మూత పట్టుకెళ్ళి అసలు రంగే కలిపించాను. చరిత్రకి అదే న్యాయమనిపించింది. తీరా పక్కన పెట్టి చూస్తే అత్తగారి పక్కన కొత్తకోడలిలా ఉంది. మళ్ళీ షాపుకి వెళ్ళి పచ్చబడిన రంగు కలిపించాను. లేని వయసు అంటగట్టడం దొంగ చరిత్ర అని నా మిత్రులు కొందరు అంటారు. వాళ్ళది తప్పనలేను. అందుకే మూత లోపలివైపు '2024లో చేసినది' అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను.

డబ్బా మరీ తేలికగా వచ్చింది. మెకింటాష్ పైన పెడితే జారుతోంది. ఇసుక నింపుదామా అనుకున్నాను. చివరికి ఆ చచ్చిన సీగేట్ డ్రైవునే లోపల బోల్టులేసి బిగించాను. ఎస్‌డీ కార్డు దాని వీపు మీద కూర్చుంది.

ఆగస్టులో వాళ్ళింటికి తీసుకెళ్ళాను. ప్లస్ తన స్కజీ పోర్టులోంచి కరెంటు ఇవ్వదు కనుక డబ్బాకి వేరే తీగ ఉంది. ముందు డబ్బా, తర్వాత మెకింటాష్. పెద్దాయన చెప్పకుండానే ఆ వరసలోనే ఆన్ చేశారు. చెయ్యి మర్చిపోలేదు. ఒక్క క్షణం ఆగి, "మరి చప్పుడేదీ?" అన్నారు. తిరిగేది ఏమీ లేదని చెప్పాను. తల ఊపారు కాని, డబ్బా వైపే చెవి పెట్టి ఉన్నారు.

అచ్చు కాని సంచిక ఒకటి దొరికింది, 1993ది. 'లెటర్స్' అని ఒక ఫోల్డరు ఉంది. ఉత్తరాలనుకుని నేను తెరవలేదు. ఆయన తెరిచారు. ఉత్తరాలు కావు, అక్షరాలు! అ నుంచి ఱ దాకా, క గుణింతం, కొన్ని ఒత్తులు, ఒక్కోటి ఒక్కో ఫైలు. కొన్ని ఆ 31 ముక్కల్లో పోయాయి. మ్యాక్‌పెయింట్ రాసిన బిల్ అట్కిన్సన్ 2025 జూన్‌లో పోయాడు. తన ప్రోగ్రాముతో ఒకావిడ టెక్సాస్‌లో తెలుగు గుణింతం దిద్దిందని ఆయనకి తెలిసి ఉండదు.

పెద్దాయన 'శ్రీ' తెరిచి, ఫ్యాట్‌బిట్స్‌లో పెద్దది చేసి, చాలాసేపు చూశారు. "ఇక్కడ ఒక చుక్క ఎక్కువ పెట్టింది" అన్నారు వేలు పెట్టి చూపిస్తూ.

"తీసెయ్యమంటారా?" అన్నాను మౌసు అందుకుంటూ.

"వద్దు, ఉండనీ" అన్నారు.