అరకులో ఇల్లు కట్టుకుందామా? కొండెక్కిన బయటివాళ్ల కథ

ఈ ఎపిసోడ్ కొంచెం హిస్టరీ, కొంచెం నా సొంత గోల. చివరి దాకా ఉండండి, ఎందుకంటే నేను దాదాపు చేసేసిన ఒక తప్పు గురించి కూడా చెప్తాను.

బీటెక్‌లో నా రూమ్మేట్ ఒకడు ఇప్పుడు బార్సిలోనాలో ఉంటున్నాడు. ఇంట్లో కూర్చుని వేరే దేశం కంపెనీకి పనిచేసేవాళ్ల కోసం స్పెయిన్ 2023లో కొత్త వీసా మొదలుపెట్టింది కదా, ఆ బాపతు. వీడియో కాల్ చేస్తే వాడి వెనకాల ఎండ, సముద్రం. "ఉద్యోగం ఇక్కణ్ణుంచి కూడా చెయ్యొచ్చు కదరా, వచ్చెయ్" అనేవాడు. నేనేమో "నాకు అరకు ఉంది, చాలు" అనేవాణ్ని. అన్నట్టే ఒక చలికాలం లాప్‌టాప్ పట్టుకుని అరకు వెళ్లిపోయాను. ఒక హోమ్‌స్టేలో గది, పొద్దున్న మంచు, సాయంత్రం కాఫీ. వైజాగ్ నుంచి 115 కిలోమీటర్లే, కానీ వేరే దేశానికి వచ్చినట్టే అనిపించింది.

అక్కడే అసలు ప్రశ్న మొదలైంది. బయటి నుంచి వచ్చి ఈ కొండల్లో ఉండటం వల్ల లాభమేంటి, నష్టమేంటి? ఇంకో ముఖ్యమైన సంగతి: లాభం ఎవరికి, నష్టం ఎవరికి? దీనికి సమాధానం ఇప్పటి రీల్స్‌లో లేదు. నూట ఎనభై ఏళ్ల వెనక్కి వెళ్లాలి.

ముందు ఒక మాట సంగతి చూద్దాం. మనం "ఏజెన్సీ ఏరియా" అంటాం కదా, ఈ పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది? ట్రావెల్ ఏజెన్సీ కాదండీ బాబూ! 1839లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల కోసం ఒక చట్టం చేసింది. మామూలు కోర్టులు, మామూలు రూల్స్ ఇక్కడ నడవవు, కలెక్టరే గవర్నరుకి "ఏజెంట్"గా ఉండి అన్నీ చూసుకుంటాడు అని. ఆ ఏజెంట్ కింద ఉన్న ప్రాంతం ఏజెన్సీ అయింది. అంటే ఈ పేరే బయటివాళ్లు పెట్టింది. అక్కడివాళ్లకి అది మన్యం.

సరే, బ్రిటిష్‌వాళ్లు కొండెక్కారు. వాళ్లకి ఈ చల్లదనం చూస్తే ఊటీ గుర్తొచ్చుంటుంది. అరకు వెళ్లే దారిలో గాలికొండ వ్యూపాయింట్ దగ్గర మనందరం ఆగి సెల్ఫీలు తీసుకుంటాం కదా? 19వ శతాబ్దం మధ్యలో ఆ గాలికొండ మీదే తెల్ల సైనికుల కోసం ఒక ఆరోగ్య కేంద్రం పెడదామని ప్రయత్నించారు. సైనికులకి జ్వరాలు పట్టుకున్నాయి, ఆ ప్లాన్ వదిలేశారు. మన్యం జ్వరం అంటే మలేరియా. అప్పట్లో దోమ వల్ల వస్తుందని కూడా తెలీదు, కొండ గాలి వల్ల అనుకునేవాళ్లు. ఊటీ ఊటీ అయింది, అరకు అరకులాగే ఉండిపోయింది. దానికి ఒక కారణం దోమ అంటే నవ్వొస్తుంది కానీ, చాలాకాలం పాటు మన్యానికి పెద్ద కాపలా అదే.

కానీ ఆ కాపలాని దాటుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. అధికారులు కాదు, వ్యాపారులు. పల్లం నుంచి ఉప్పు, బట్ట, పొగాకు తెచ్చి, చింతపండు, అడ్డాకు, పసుపు పట్టుకెళ్లేవాళ్లు. అప్పులిచ్చేవాళ్లు. అప్పు కట్టకపోతే కింద పల్లంలో కోర్టుకి వెళ్లేవాళ్లు. కొండ మనిషికి ఆ కోర్టు ఎక్కడుందో తెలీదు, ఆ భాష తెలీదు. వెళ్లకపోతే తీర్పు అవతలివాడి వైపు వచ్చేది. పశువులు పోయేవి, భూమి పోయేది. దానికి తోడు కల్లు మీద పన్ను. జీలుగు చెట్టు మన్యంలో ఇంట్లో మనిషి లాంటిది, దాని కల్లు కొన్ని నెలలు వాళ్లకి తిండితో సమానం. ఆ చెట్టు గీసుకోవడానికి "చిగురుపన్ను" కట్టమన్నారు. 1879 మార్చిలో రంప ప్రాంతం భగ్గుమంది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటివాళ్లు ముందు నిలబడ్డారు. పోలీస్ స్టేషన్లు తగలబడ్డాయి. 1880 దాకా సాగిన ఆ పోరాటాన్నే రంప ఫితూరీ అంటారు.

ఇక్కడ ఒక్కటి గమనించండి. బయటివాళ్లు ఉండటమే సమస్య అనుకుంటే పొరపాటు. కాగితం, కోర్టు, అప్పు మూడూ బయటివాడి చేతిలోనే ఉండటం సమస్య. ప్రభుత్వానికి ఇది అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల చట్టం తెచ్చింది. ఏజెంట్ అనుమతి లేకుండా కొండవాళ్ల భూమి బయటివాళ్లకి బదిలీ కాకూడదు, వడ్డీకి కూడా హద్దు ఉండాలి అని. కాగితం మీద బాగానే ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో బయటివాడు మన్యంలోకి వచ్చాడు. పల్లం మనిషే, క్షత్రియ కుటుంబం, 1897లో పాండ్రంగిలో పుట్టాడు. అల్లూరి సీతారామరాజు. మనం ఆయన్ని మన్యం వీరుడు అని ఎంతగా అనుకుంటామంటే, ఆయన కూడా బయటి నుంచి వచ్చినవాడే అని మర్చిపోతాం. కృష్ణదేవిపేట ప్రాంతంలో ఉండి, వాళ్లలో కలిసిపోయి, వాళ్ల గొడవలు తన గొడవలు చేసుకున్నాడు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయడానికి గిరిజనుల చేత చాలీచాలని కూలికి బలవంతంగా పని చేయించేవారు. దాన్ని చేయించింది తహసీల్దారు బాస్టియన్. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసి ఆయుధాలు పట్టుకెళ్లారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చేశారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడితే దానికి ఆయన పేరే పెట్టారు. చూడండి, కొండవాళ్ల జిల్లాకి ఒక బయటివాడి పేరు.

ఇంకో బయటివాడి సంగతి చెప్తాను, ఈయన నిజంగానే ఫారినర్. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. వియన్నా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త. 1939లో ఇండియాకి వచ్చాడు, రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది, చేతిలో ఉన్నది శత్రుదేశం పాస్‌పోర్టు. హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లకూడదన్నారు. ఇరుక్కుపోయాడు కదా అనుకుంటాం, కానీ ఆయన ఆ టైమంతా చెంచుల దగ్గర, పాపికొండల్లో కొండరెడ్ల దగ్గర, ఆదిలాబాద్ గోండుల దగ్గర గడిపాడు. కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. భూములు ఎలా పోతున్నాయో నిజాం ప్రభుత్వానికి రిపోర్టులు రాశాడు. ఆయన భార్య బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలో గోండులు తమ ఊళ్లోనే సమాధి చేసుకున్నారు, ఇప్పటికీ వర్ధంతి చేస్తారు. ఎక్స్‌పాట్ జీవితం అంటే ఇలా కూడా ఉండొచ్చు.

స్వాతంత్ర్యం వచ్చాక రోడ్లు వచ్చాయి, డీడీటీ వచ్చింది, మలేరియా భయం తగ్గింది. 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్‌కి రైల్వే లైను వేశారు. బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కి పంపడానికి. మనం అరకు రైల్లో లెక్కపెట్టుకుంటూ వెళ్లే ఆ 58 సొరంగాలు మన టూరిజం కోసం తవ్వినవి కావు! కాపలా ఉన్న దోమ పోయింది, రైలు వచ్చింది. మరి భూమి ఏమవ్వాలి?

1967 అక్టోబర్ 31న పార్వతీపురం ఏజెన్సీలో లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు ఇద్దరు గిరిజనుల్ని కాల్చి చంపారు. శ్రీకాకుళ గిరిజన పోరాటం పెద్దదయింది. ఆ వేడిలోనే 1959 నాటి భూబదలాయింపు నిబంధనల్ని గట్టిగా సవరించారు. అదే మనం "వన్ ఆఫ్ సెవంటీ" అనే 1/70 చట్టం. 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకి వచ్చింది. సింపుల్‌గా చెప్పాలంటే, షెడ్యూల్డ్ ఏరియాలో స్థిరాస్తి ఎవరు అమ్మినా సరే, కొనేది గిరిజనుడో, గిరిజనుల సహకార సంఘమో అయ్యుండాలి. అమ్మకమే కాదు, తాకట్టు, లీజు, బహుమతి, అన్నీ కిందే వస్తాయి. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుల నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది వాడే. 1988లో సుప్రీంకోర్టు కూడా ఈ చట్టం సరైనదే అంది. 1997లో సమత కేసు ఇంకా దూరం వెళ్లింది. అరకు పక్కనే ఉన్న అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద మొదలైన గొడవ అది. ప్రభుత్వం కూడా ఇక్కడ ప్రైవేటు కంపెనీలకి గనులు లీజుకివ్వకూడదని తీర్పొచ్చింది.

ఇప్పుడు నా కథ. రెండో నెలలో ఒకాయన పరిచయమయ్యాడు. "సార్, ఇరవై సెంట్లు ఉంది, లోయ మొత్తం కనబడుతుంది. కాగితం ఇక్కడి కుర్రాడి పేరు మీద ఉంటుంది, మనిద్దరి మధ్య వేరే అగ్రిమెంటు రాసుకుందాం. అందరూ చేస్తున్నదే." నిజం చెప్తున్నా, నాకు 1/70 గురించి అప్పటికే తెలుసు. అయినా మనసు ఊగింది. అడ్వాన్స్ ఫోన్లో కొట్టేద్దామనే దాకా వచ్చాను. ఆ "ఇక్కడి కుర్రాడు" ఎవరంటే మా హోమ్‌స్టే అక్క కొడుకు. సాయంత్రం ఆవిడని అడిగాను, "అక్కా, ఇందులో తప్పేముంది, మీవాడికీ డబ్బులొస్తాయి కదా" అని. ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే అంది: "పేరు మాది, పొలం నీదీ అయితే, రేపు మా మనవలు ఏ కాగితం చూపించాలి బాబూ?"

1879లో కోర్టు కాగితం. ఇప్పుడు అగ్రిమెంటు కాగితం. నేను ఏ వైపు నిలబడ్డానో నాకు అప్పుడు అర్థమైంది. డబ్బులు కొట్టలేదు.

సరే, న్యాయంగా రెండు వైపులా చెప్పుకుందాం. బయటివాడిగా ఇక్కడ ఉంటే లాభాలు చాలానే ఉన్నాయి. గాలి, చలి, ఖర్చు తక్కువ. వారపు సంతకి వెళ్తే రాజ్‌మా, పిప్పళ్లు, రాగులు, పసుపు. పక్కవాళ్లు ఆదివాసీ ఒడియాలో మాట్లాడుకుంటుంటే మన రాష్ట్రంలోనే మనం కొత్త భాష నేర్చుకోవచ్చు. కాఫీ అయితే చెప్పక్కర్లేదు. 1898లో బ్రిటిష్‌వాళ్లు పాములేరు లోయలో మొదలుపెట్టిన మొక్క, ఇప్పుడు గిరిజన రైతు సొంత తోటలో, మిరియం తీగ పక్కన పెరుగుతోంది. 2017లో అరకు కాఫీ పారిస్‌లో కొట్టు తెరిచింది, 2019లో అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. భూమి వాళ్ల చేతిలో ఉండబట్టే ఆ కాఫీ డబ్బులో వాళ్లకీ వాటా ఉంది.

నష్టాలూ ఉన్నాయి. వర్షం పడితే కరెంటు పోతుంది, నెట్ పోతుంది. మీటింగ్ మధ్యలో నేను ఎన్నిసార్లు మాయమయ్యానో లెక్కలేదు. పెద్ద ఆసుపత్రి అంటే ఘాట్ రోడ్డు దిగి వైజాగ్ వెళ్లాలి. కానీ నాకు అది ఇబ్బంది మాత్రమే. లోపలి ఊళ్లలో గర్భిణుల్ని ఇప్పటికీ డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొస్తున్నారు. నేను ఎప్పుడైనా బస్సెక్కి దిగిపోగలను. అదే నాకూ వాళ్లకీ తేడా. ఇంకో సంగతి: తరాల క్రితమే వచ్చి ఇక్కడే పుట్టి పెరిగిన గిరిజనేతర కుటుంబాలు ఉన్నాయి. వాళ్లకి ఉన్న ఇంటి మీద కూడా సరైన హక్కు ఉండదు, బ్యాంకు లోను రాదు. ఆ బాధ అబద్ధం కాదు. చట్టానికి ఆ ఖరీదు ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడకూడదు.

కానీ చట్టం లేకపోతే ఏమవుతుందో చూడాలంటే మళ్లీ మా రూమ్మేట్ దగ్గరికి వెళ్దాం. బార్సిలోనాలో అద్దెలు కొండెక్కి కూర్చున్నాయి. 2024 జులైలో అక్కడివాళ్లు రోడ్డెక్కి, హోటళ్ల ముందు కూర్చున్న టూరిస్టుల మీద వాటర్ గన్స్‌తో నీళ్లు కొట్టారు. టూరిస్టులకిచ్చే ఫ్లాట్ల లైసెన్సులన్నీ 2028 కల్లా ఆపేస్తామని నగర మేయర్ ప్రకటించాడు. అంత పెద్ద యూరప్ సిటీ ఇప్పుడు తలపట్టుకుంటున్న ప్రశ్నకి, మన అరకు 1970లోనే ఒక జవాబు రాసిపెట్టుకుంది. అది ఊరికే రాలేదు, రెండు ఫితూరీలు, ఒక పోరాటం తర్వాత వచ్చింది.

కాబట్టి నా మాట ఒకటే. అరకు వెళ్లండి, నెలల తరబడి ఉండండి. అక్కడివాళ్లు నడిపే గదిలో ఉండండి, సంతలో వాళ్ల దగ్గరే కొనండి, బేరం ఆడకండి. భూమి మాత్రం అడగకండి. ఎవరైనా "అగ్రిమెంటు రాసుకుందాం" అంటే ఆ అక్క ప్రశ్న గుర్తు తెచ్చుకోండి. అల్లూరికి గానీ హైమన్‌డార్ఫ్‌కి గానీ మన్యంలో మిగిలింది భూమి కాదు, పేరు.

మళ్లీ చలికాలానికి నేను అదే గదికి వెళ్తున్నాను. అక్క అద్దె కాస్త పెంచింది. ఇచ్చేస్తాను.